గడప లోపలి బాస

నెమ్మదిగా ఉండాదంటావా? సబా సిస్టరమ్మా, ఆ మాట మాత్రం అనద్దు తల్లీ. నెమ్మది గాదు అది. మా అక్క నోరు కట్టేసుకునింది. రెండిటికీ తేడా లేదా ఏంది?

మొన్నటిదాంక మీరేమంటిరి? "అవ్వా, మీ అక్క వాగుడు తట్టుకోలేకుండాం, పక్క మంచాలోళ్లు నిద్ర పోవద్దా" అంటిరి. ఊడ్సే ఆయమ్మ అయితే దయ్యమే పట్టిందనె. మంత్రాలయం పిల్సకపోయి అక్షింతలు ఏపిస్తే కుదురుతాదని నాకు దోవ గూడ సెప్పె. ఇప్పుడు నోరు మూసింది గదా, వార్డుకంతా సల్లగుండాది. 

కూర్సో ఒక గడియ. సెలైను ఇంకా సగం ఉండాది, నాకు గూడ తెలుస్తాది ఇప్పుడు. ఈ వరండాలో రోంత గాలన్నా ఆడ్తాది. నీకు గాక ఎవరికి సెప్పుకోవల్ల నేను? మా గేరిలో, మావోళ్ల వీధిలో, సెప్పేకి లేదు. మా అక్క కొడుక్కి అస్సలు సెప్పేకి లేదు. నువ్వయితే బయటిదానివి. బయటోళ్లకు సెప్పుకుంటే కడుపు తేలికైతాది అంటారు. అంటే మా అవ్వ ఇంటే సీపురు తిరగేస్తాండె, అది ఏరే సంగతి.

అది వాగుడు గాదమ్మా. బాస అది.

మేము ఎరుకలోళ్లం. ఎమ్మిగనూరు మాది. ఇంట్లో మాట్లాడుకునేది కుర్రుబాస. ఎప్పుడన్నా ఇన్యావా? ఇని ఉండవు. ఇనపడేటట్ల మాట్లాడితే గదా! నువ్వు ఆ మెట్ల మీద నిలబడి మీ అమ్మీతో ఫోన్లో ఉర్దూ మాట్లాడ్తాంటే నేను నోరు తెరుసుకోని సూసినా. ఎంత గట్టిగ నవ్వితివి! ఎవురన్నా ఇంటాండారేమో అని ఒక్కతూరి తల తిప్పలేదు నువ్వు. మీదానికి రాత ఉండాది, అంగడి బోర్డుల మీద రాసుకుంటారు. మాదానికి రాతే లేదు. నోట్లో పుట్టి నోట్లోనే సావల్ల.

మా అవ్వ సెప్పేది, ఈ బాస పొయ్యిలో నిప్పు లాంటిది, ఇంట్లో ఉంటే కూడు ఉడుకుతాది, గడప దాటితే కొంప కాల్తాది అని. ఉత్తమాట గాదు తల్లీ. బయట ఆ బాసను మేము ఒక్కదానికే వాడేది. సంతలో యాడన్నా పోలీసోళ్ల కాకీగుడ్డ కనపడితే ఆడోళ్లు ఒక్క మాట ఇసిరేవోళ్లు. అంతే. మా మొగోళ్లు గంపలు ఆడ్నే పారేసి కనపడకుండ పోయేవోళ్లు.

ఏం సేసినారని పారిపోయేది అంటావా? నువ్వు సిన్నపిల్లవు, నీకు తెలీదు. ఊర్లో కోడి పోతే మా గేరికొచ్చేవోళ్లు. గొళ్లెం ఊడితే మా గేరికొచ్చేవోళ్లు. ఎరుకలోడు అంటే సాలు, ఇంగ సాక్ష్యమెందుకు? పైగా ఆ బాస నోట్లోంచి రాలిందంటే, దొంగబాస మాట్లాడ్తాండారు రా అని ఇంగో రెండు ఎక్కువ ఏసేవోళ్లు.

అట్లని మా అక్కకు తెలుగు రాదనుకునేవు! అబ్బో! ఉరుకుందమ్మ అంటే ఎమ్మిగనూరు నుంచి హాలహర్వి దాంక తెలుసు. సంకన బుట్ట, సేతిలో పుల్ల పెట్టుకోని ఎరుక సెప్తా పోతాంటే, పెద్దపెద్ద రెడ్ల ఇండ్లలో ఆడోళ్లు పీటేసి కూర్సోబెడ్తాండ్రి. ఆ పక్కకు పోతే కన్నడంలో గూడ సెప్పొచ్చేది. నేనా, ఈతాకు తట్టలు అల్లుకుంటా ఇంటికాడ. పత్తికొండ టమాటాలన్నీ మా తట్టల్లోనే మార్కెట్టెక్కేవి, ఆ ప్లాస్టిక్ పెట్టెలు రాకముందు. మా అక్క మాత్రం తెలుగు తోనే బతికింది, తెలుగు తోనే కొడుకును పెంచింది.

ఆ తెలుగే పోయింది సూడు. ఆ దినం కూరగాయలు తరుగుతా తరుగుతా పక్కకు ఒరిగిపోయిందంట. లేసినంక ఒక్క తెలుగు మాట రాలేదు. పెద్ద డాక్టరు సారు మంచోడు, నాకు ఓపిగ్గా సెప్పినాడు. తలకాయలో నరం సిట్లింది అవ్వా, పెద్దయినంక నేర్సుకునిందంతా కొట్టకపోయింది, తల్లిపాలతో వచ్చింది మాత్రం నిలబడింది అన్యాడు. కన్నడం పోయింది, తెలుగు పోయింది. దాసిపెట్టుకునిందే మిగిలింది.

మా హరికృష్ణ, అదే, మా అక్క కొడుకు, నన్ను పిల్సకపోయేకి ఎమ్మిగనూరు వచ్చినాడు. వాడు మా గేరి తొక్కి ఎన్నేండ్లయిందో! మంత్రాలయం బస్సు కండక్టరు గదా, డ్యూటీ దిగి అట్లే కాకీ అంగీ తోనే వచ్చినాడు. ఆ కాకీ సూసి ముసలి బసన్న బీడీ పారేసి లోపలికి దూరి తలుపేసుకున్యాడు. అందరం పడిపడి నవ్వితిమి. నవ్వితిమి గానీ, ఆపొద్దే నాకు బుద్ధి రావల్సింది.

"సిన్నమ్మా, అమ్మ ఏందో మాట్లాడ్తాంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వొచ్చి సెప్పు" అన్యాడు. మీసాలొచ్చిన మొగోడు, వాకిట్లో నిలబడి ఎక్కిళ్లు పెట్టుకున్యాడు తల్లీ.

సొంత తల్లి మాట కొడుక్కి యాలకు తెలీదంటావు. సెప్తా.

హరిగాడు ఒకటో క్లాసులో ఉన్నప్పుడు, బళ్లో ఆడుకుంటా ఆడుకుంటా మా బాసలో ఏందో అరిసినాడంట. పిల్లోడు గదా, నోటికొచ్చింది అరిసినాడు. అదే దినం సారు గడియారం కనపడలేదు. ఇంగ సూస్కో. సాయంత్రానికి గడియారం ఆ సారు ఇంట్లోనే, గూట్లోనే దొరికింది. దొరికితే? పిల్లోని ఈపు మీద తేలిన వాతలు ఎనక్కి పోతాయా?

ఆ రాతిరి మా అక్క వానికి పసుపు పూసుకుంటా నాతో ఒట్టేయించుకునింది. "సుంకులమ్మా, నా కొడుక్కి ఈ బాస వద్దు. వాని ముందర నేను మాట్లాడను, నువ్వూ మాట్లాడద్దు" అని ఉరుకుంద ఈరన్న మీద ఒట్టు. ఆమె పేరే ఆ సామిది. ఇంగ తప్పుతాదా? వాడు ఆ బాస మర్సేపోయినాడు. మల్ల గేరి ఇడిసిపెట్టి ఆదోనికొచ్చి బాడిగింట్లో పడింది. నేనెప్పుడన్నా పోతే ఇద్దరం తలుపు దగ్గరికేసుకోని మా బాసలో మాట్లాడుకునేవోళ్లం. వాడు సైకిలు స్టాండేసిన సప్పుడు ఇనపడితే మాట మధ్యలోనే తెలుగులోకి దూకేది.

అది తప్పా సబమ్మా? కొడుకు బాగుండాలని సేసింది. బాగున్యాడు గూడ. సదువుకున్యాడు, బస్సులో నిలబడి ఊరందరికీ టిక్కెట్లు కొడ్తాండాడు, ఆ కాకీ ఏసుకున్న మొదటి దినం మా అక్క దిష్టి తీసి, నాకు ఫోన్ సేసి, "సుంకీ, కాకీని సూసి మనం ఉరకడం అయిపోయింది, ఇప్పుడు కాకీ మనింట్లోనే దండెం మీద ఆరుతాంది" అని ఎంత నవ్విందో!

సరే, వచ్చినా. నువ్వే గదా మంచం సూపిస్తివి. నన్ను సూసి మా అక్క ఎట్ల నా సెయ్యి పట్టుకునిందో సూసింటావు. మాట్లాడింది, మాట్లాడింది. మా నాయన సంగతి, మా కడుపాకలి రోజులు, నేను సిన్నప్పుడు పందిపిల్లను ఎత్తుకోని పడుకున్న సంగతి. తలుపేసుకోకుండ! ఇంతమంది మధ్యలో! సిగ్గిడిసి సెప్తాండా, నాకు సంతోషమైంది. అక్క మంచాన పడిందని ఏడ్సేకి వచ్చినదాన్ని, తిరునాళ్లకొచ్చినట్ల కూర్సున్యా. ఎన్నేండ్లకు ఇన్యానో ఆ మాటలు అంత గట్టిగ.

వాడు తలకాడ నిలబడి మా ఇద్దరి మొగాలు మార్చి మార్చి సూస్తాండాడు. "ఏమంటాంది సిన్నమ్మా?" అన్యాడు.

ఏమనింది? సెప్తా ఇను. నా సెవి దగ్గరికి లాక్కోని, కంటికొసతో వాన్ని సూపిచ్చి, "ఈ కాకీవోడు ఎవడు సుంకీ? పొద్దన్నుంచి నా తలకాడ్నే నిలబడుకోనుండాడు. మనోళ్లను దాంకోమను" అనింది.

కన్నకొడుకమ్మా! తొమ్మిది నెలలు మోసి, ఎరుక సెప్పి తెచ్చిన బియ్యంతో పెంచిన కొడుకు!

నేనేం సెప్పల్ల? "నువ్వు అన్నం తిన్యావా అంటాంది రా" అన్యా. వాడు మొగమంతా నవ్వి, ఒంగి, "తిన్యానమ్మా, నువ్వు దిగులు పడద్దు" అన్యాడు తెలుగులో. ఆమెకు ఆ సప్పుడు ఎట్ల ఇనపడిందో ఏమో, దుప్పటి గడ్డం దాంక లాక్కునింది. నేను కాకీ తప్పే అనుకున్యా. రేపు తెల్లంగీ ఏసుకోని రా నాయనా అన్యా. తెల్లంగీతో వస్తే, "ఈపొద్దు మఫ్టీలో వచ్చినాడు" అనింది.

నవ్వొస్తాంది గదా? నవ్వు తల్లీ, ఏంగాదు. నాకూ వచ్చింది అప్పుడు.

అప్పుడు వాడే అడిగినాడు. "సిన్నమ్మా, నాకొక మాట నేర్పు. మా అమ్మ బాసలోనే నేను సెప్తా. అమ్మా నేను నీ హరిని, నీ కాడే ఉండా అని, అంతే." నాకెంత ముచ్చటేసిందో! ఒట్టు అడ్డమొచ్చింది ఒక గడియ. ఒట్టు ఏయించుకున్నామెకే కష్టమొచ్చినప్పుడు ఇంగ ఒట్టేందిలే ఈరన్నా, నువ్వే సూస్కో అని దండం పెట్టి నేర్పినా. వానికి నాలిక తిరగదు. బస్సులో టిక్కెట్లు కొడ్తా కొడ్తా అదే గొణుక్కున్యాడంట. ఎవరో మంత్రాలయం పోయే ఆయన, "ఏం కండక్టరన్నా, రాఘవేంద్ర రాయర స్తోత్రమా" అన్యాడంట. నవ్వుకుంటా వచ్చి సెప్పినాడు నాకు.

ఆ దినం నువ్వు డ్యూటీలో లేవు. తలకు నూనె పెట్టుకోని, దువ్వుకోని, పెండ్లిసూపులకొచ్చినోని మాదిరి వచ్చినాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్సోని, తల్లి సెయ్యి పట్టుకోని, మెత్తగా, మా బాసలో ఆ మాట సెప్పినాడు.

మా అక్క వాన్ని సూసింది. బాగ సూసింది. సూస్తా సూస్తా ఆమె మొగంలో నెత్తురు ఇంకిపోయింది సబమ్మా. నా కండ్లతో సూసినా. వాని సేతిలోంచి సెయ్యి గుంజుకోని, నా కొంగు పట్టుకోని, ఒక్క మాట అనింది నాతో. అంతే. పెదాలు బిగించింది. ఆపొద్దు మూసిన నోరు తల్లీ అది. మీరు నెమ్మదిగా ఉందంటాండారు.

యాలకు అంటావా? ఆ యాలకు అనేది నాకు అప్పుడు గుర్తొచ్చింది. ముందర గుర్తురాలేదు. నా నెత్తిన పిడుగు పడ, అదేదో ముందర గుర్తొస్తే ఏం పోయింది!

మా సిన్నప్పుడు గేరిలోకి ఒక పోలీసు జమేదారు వస్తాండెనంట. కొట్టేవోడు గాదు, తిట్టేవోడు గాదు. నవ్వుతా వచ్చేవోడు, బొరుగులు తెచ్చేవోడు పిల్లోళ్లకు. వచ్చి వచ్చి, కూర్సోని కూర్సోని, మా బాస నేర్సుకున్యాడు. ఒకదినం మా గుడిసె ముందర మా అక్క ఆడుకుంటాంటే మోకాళ్ల మీద కూర్సోని, సెయ్యి పట్టుకోని, మెత్తగా, మా బాసలోనే, "మీ నాయన యాడుండాడు పాపా?" అని అడిగినాడు. మా బాస మాట్లాడినోడు మనోడు గాక ఇంగెవరు? సిన్నపిల్ల, సెయ్యెత్తి సూపిచ్చింది. గడ్డివామి ఎనక అని.

స్టేషనుకు గుంజకపోయినారు. మా నాయన తిరిగొచ్చినాడులే. వచ్చినాడు గానీ సేతి ఏళ్లు ముడుసుకోలేడు. ఇంగ సచ్చేదాంక ఒక తట్ట అల్లలేదు. మా అక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆమెను తినేసింది. అప్పట్నుంచి ఆమెకు కాకీ కంటే, లాఠీ కంటే, ఎక్కువ భయం దేనికంటే, తెలీని మొగోని నోట్లో మా బాస.

నేను మల్ల అదే సేయించినా గదా ఆమెకు. అదే మోకాళ్లు, అదే సెయ్యి పట్టుకునేది. వాడు నాలిక తిరక్క మాట్లాడే యాస గూడ అదే, నేర్సుకున్నోని యాస!

ఇంగో సంగతి ఇను, దీనికి నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు తెలీదు. వాడేమనుకున్యాడో తెలుసా? అమ్మకు అర్థమైంది, మనసు కుదురుపడింది, అందుకే అరుపులు ఆపింది అనుకున్యాడు. వార్డంతా బాదుషాలు పంచినాడు సూడు ఆ మర్సటి దినం, నీకూ ఇచ్చింటాడు. అవే. మా అక్క భయానికి పంచిన మిఠాయి అది.

ఇప్పుడు రోజొక మాట నేర్పమంటాడు. ఆకలైతాందా అనేది ఎట్ల, నొప్పి యాడ అనేది ఎట్ల. వాని కూతురు ఇంటరు సదువుతాంది, అది నా నోటి ముందర ఫోన్ పెట్టి అన్నీ పట్టుకుంటాంది. "అవ్వా, మన బాస ఎంత బాగుందో, ఇన్నాళ్లు యాలకు దాసినారు" అంటాది. దాని నోట్లో ఎంత ముద్దుగుంటాదో తెలుసా? నేను కల్లో గూడ అనుకోలేదు తల్లీ, మా బాస ఇంగో తరానికి పోతాదని. నాతోనే, మా అక్కతోనే మట్టిలో కలుస్తాదనుకున్యా. అది ఇప్పుడు లేసి నడుస్తాంది. మా అక్క గుండెల మీద అడుగేసి నడుస్తాంది.

వాడొచ్చి ఆ బాసలో నోరు తెరిసినప్పుడల్లా ఆమె ఇంకా ముడుసుకుంటాంది. వాడు పెట్టిన రాగిగంజి మింగదు. మందేసింటాడని భయం. నేను పెడితే రోంత మింగేది. నిన్నట్నుంచి నాదీ మింగలేదు. యాలకంటే వాడు నా పక్కనే కూర్సున్యాడు, నేను వానితో నవ్వినా. ఇంగ నేను గూడ వాళ్లదాన్నే గదా ఆమె లెక్కలో.

ముక్కులో గొట్టం ఏస్తామంటివే, దానికి నేను వద్దంటాండానా? ఎయ్యండి. కూడు గొట్టంలో పోతాది. మాట యాడ్నుంచి పోతాది?

సెప్పెయ్యమంటావా వానికి? ఎంత తేలిగ్గా అంటివి! "నాయనా, మీ అమ్మ నిన్ను పోలీసోడు అనుకుంటాంది, నువ్వు తల్లిబాస మాట్లాడితే ఆమెకు సావుభయం, నోరు మూసుకో" అని సెప్పేదా? వాడు బతికినన్నాళ్లు ఆ మాట మోస్తాడా? మల్ల వాడు గానీ, ఆ పిల్ల గానీ, జన్మలో ఆ బాస నాలిక మీద పెడ్తారా? సెప్పకపోతే మా అక్క రోజూ సస్తాంది. సెప్తే వాడు సస్తాడు, బాస సస్తాది. ఏది మేలో నువ్వే సెప్పు, సదువుకున్నదానివి. సెప్పు!

లెయ్యద్దు తల్లీ, ఇంకొక గడియ కూర్సో.

నా సంగతి ఒకటి సెప్తా, నవ్వద్దు. నిన్న నేను ఈడ్నే గోడకానుకోని కునుకు తీస్తాండా. ఎనకనుంచి మొగగొంతు, మా బాసలో, "తిన్యావా సిన్నమ్మా?" అనింది. వాడే. మన హరే. నేనే నేర్పిన మాట. అయినా నేను గోడకు అతుక్కుపోతి సబమ్మా. కాళ్లు వాటికవే దగ్గరికి ముడుసుకున్యాయి. వాడు ఆశగా సూస్తాండాడు, నేను మా బాసలో బదులిస్తానని. నా నోట్లోంచి తెలుగే వచ్చింది. "ఆ, తిన్యా లే నాయనా" అన్యా. ఆ జమేదారును సూసిన గుర్తు గూడ నాకు లేదు, అప్పటికి నేను సంకలో పిల్లను.

ఇంగ మా అక్కను ఏమనేది?

అదిగో, మంత్రాలయం బస్సొచ్చే యాళయింది, వచ్చేస్తాడు. పొద్దన ఫోన్లో సెప్పినాడు, ఈపొద్దు పాట నేర్సుకున్యాడంట, వాడు పసిపిల్లోడప్పుడు మా అక్క మా బాసలో పాడిన జోలపాట. కూతురు ఫోన్లోంచే ఇని ఇని నేర్సుకున్యాడంట. తల్లి పక్కన కూర్సోని పాడ్తాడంట.

ఆపొద్దు కడాకు నోరు మూసేముందు ఆమె నాతో ఏమనిందో సెప్పలేదు గదా నీకు. వాడు గూడ అడిగినాడు అప్పుడే, కండ్లల్లో నీళ్లు తిరుగుతాంటే. "నా కొడుకొచ్చినాడు అనింది రా" అని సెప్పినా. మంచం కోడు పట్టుకోని ఏడ్సినాడు పిల్లోడు.

"వీడు మన బాస బాగ నేర్సుకోనుండాడు, సుంకీ. వీనికి ఏమీ సెప్పద్దు." అదీ ఆమె అనింది.

సెప్పలేదు. ఆమె మాట ఇంటాండా.

లెయ్యి తల్లీ, మెట్ల మీద సప్పుడైతాంది. వచ్చినాడు. నువ్వూ సెప్పద్దు.